గడ్డి వేసిన చెయ్యి

స్కూల్లో చదువుకున్న చరిత్ర పాఠంలో ఆదిమానవుడి కథ భలే త్వరగా నడిచేది. నిప్పు కనిపెట్టాడు, వేటాడాడు, జంతువుల్ని మచ్చిక చేసుకున్నాడు, వ్యవసాయం మొదలుపెట్టాడు. ఒక్కో పనికి ఒక్కో వాక్యం, పరీక్షలో రెండు మార్కులు. కొండల్లో తిరిగే మేక ఇంటి మేక కావడానికి ఎన్నాళ్ళు పట్టింది, దానికి మేత ఎవరు వేశారు, గడ్డి దొరకని రోజుల్లో ఏం చేశారు అని మాకెవరూ చెప్పలేదు. మేమూ అడగలేదు.

ఇన్నేళ్ళ తర్వాత ఆ ప్రశ్నలు మా పిల్లలు ఆడే ఒక కంప్యూటర్ గేమ్ చూస్తుంటే వచ్చాయంటే మీకు నవ్వు రావచ్చు. ఆ గేమ్ పేరు రిమ్‌వరల్డ్. కెనడాకు చెందిన టైనన్ సిల్వెస్టర్ అనే ఆయన తయారుచేశాడు. 2013లో తొలి రూపం బయటికొచ్చింది, 2018 అక్టోబరులో పూర్తి రూపం వచ్చింది. కథ చిన్నదే. అంతరిక్ష నౌక కూలిపోయి ముగ్గురు మనుషులు ఎక్కడో మారుమూల గ్రహం మీద పడతారు. వాళ్ళు ఇల్లు కట్టుకోవాలి, పంట వేసుకోవాలి, వంట చేసుకోవాలి, జబ్బు చేస్తే చూసుకోవాలి, దోపిడీ దొంగలొస్తే కాచుకోవాలి. ఎవరు ఏ పని చేయాలో ఆడేవాళ్ళు పురమాయిస్తారు. సరిగ్గా నిద్ర లేకపోయినా, కూర్చుని తినడానికి బల్ల లేకపోయినా అందులోని మనుషులు చిరాకు పడతారు, చిరాకు ముదిరితే పని మానేసి అలుగుతారు. పది నిమిషాలు పక్కన కూర్చుని చూస్తే చాలు, ఇది మనకి బాగా తెలిసిన వ్యవహారమేనని అర్థమైపోతుంది. పేరుకి అంతరిక్షం, ఉన్నది సంసారం.

ఈ తరహా ఆటలకి అక్కలాంటిది ఇంకొకటుంది. దాని పేరు డ్వార్ఫ్ ఫోర్ట్రెస్. అమెరికాలో టార్న్ ఆడమ్స్, జాక్ ఆడమ్స్ అనే అన్నదమ్ములిద్దరు కలిసి 2006లో విడుదల చేశారు. అప్పట్లో బొమ్మలు కూడా లేకుండా అక్షరాలతోనే ఆడే ఆట అది. అయినా 2012లో న్యూయార్క్ ఆధునిక కళా మ్యూజియం తన సేకరణలోకి తీసుకున్న మొదటి 14 వీడియో గేముల్లో అదొకటి. అందులో పిల్లుల సంగతి చెప్పాలి. మిగతా జంతువుల్ని మనుషులు పెంచుకుంటారు, పిల్లి మాత్రం తన యజమానిని తనే ఎంచుకుంటుంది. ఎంచుకున్నాక ఆ పిల్లిని చంపడానికి వీల్లేదు. పిల్లులేమో పెరుగుతూనే ఉంటాయి. చివరికి కోటంతా పిల్లులే అయిపోయి ఆట నత్తనడక నడిచేది. పిల్లిని పెంచిన ఇల్లాళ్ళెవరికీ ఇందులో కొత్త విషయం ఏమీ కనపడదు.

రిమ్‌వరల్డ్‌లో పశువుల వ్యవహారం ఇంకా వివరంగా ఉంటుంది. ప్రతి జంతువుకీ ఎంత అడవి స్వభావం ఉందో ఒక అంకె ఉంటుంది. కోడికీ ఆవుకీ అది సున్నా. థ్రంబో అని ఒంటికొమ్ము ఉన్న పెద్ద జంతువు ఉంది, దానికి నూటికి 98 పైమాటే. మనుషులకి కూడా పశువుల పనిలో ఎంత నేర్పుందో 0 నుంచి 20 వరకు అంకె వేసి చూపిస్తారు. ఆ పనంటే ఇష్టం ఉన్నవాళ్ళ పేరు పక్కన చిన్న మంట గుర్తు ఉంటుంది.

మచ్చిక చేసే పద్ధతి ఇది. ఆ మనిషి చేతిలో తిండి పట్టుకుని జంతువు దగ్గరికి నడిచి వెళ్ళాలి. దగ్గర నిలబడి కాసేపు గడపాలి, తిండి పెట్టాలి. చాలాసార్లు పని జరగదు. తిండి తింటుంది, వెళ్ళిపోతుంది. కొన్ని జంతువులైతే తిరగబడి పొడుస్తాయి కూడా. మళ్ళీ ఇంకో పూట వెళ్ళాలి. తాడు వేసి లాగి, కొట్టి లొంగదీసే మీట ఈ ఆటలో లేదు. ఒకసారి దారికొచ్చిందని వదిలేయడానికీ లేదు. అడవి స్వభావం ఎక్కువున్న జంతువుని కొన్నాళ్ళు ఎవరూ పట్టించుకోకపోతే మచ్చిక తగ్గుతూ తగ్గుతూ వచ్చి అది మళ్ళీ అడవి జంతువైపోతుంది. నన్ను ఆ కుర్చీలోంచి లేవనివ్వనిది ఈ లెక్కే. మా పాఠంలో ఒక్క వాక్యంగా ఉన్న పని ఇక్కడ రోజూ రెండు పూటలా చేయాల్సిన పనైంది. దాన్ని చేసే మనిషికి పేరుంది, నేర్పుకి అంకె ఉంది.

ఇది ఆట కాబట్టి ఇలా పెట్టారా, నిజంగానే ఇంతేనా అని అనుమానమొచ్చి నాకు దొరికినవన్నీ చదివాను. నిజం ఇంతకన్నా ఓపికైన కథ.

సోవియట్ రష్యాలో సైబీరియా ప్రాంతపు నోవోసిబిర్స్క్ నగరం దగ్గర 1959లో దిమిత్రి బెల్యాయెవ్ అనే శాస్త్రవేత్త ఒక ప్రయోగం మొదలుపెట్టాడు. ఉన్ని తోళ్ళ కోసం బోనుల్లో పెంచే వెండి నక్కల్లో మనిషిని చూసి తక్కువ బెదిరేవాటిని, తక్కువ కరవడానికొచ్చేవాటిని ఏరి, వాటికే సంతానం కలిగించాలి. ప్రతి తరంలోనూ మళ్ళీ అలాగే ఏరాలి. మనిషి దగ్గర మెత్తగా ఉండే గుణం ఒక్కటే లెక్క, రంగు రూపం ఏదీ చూడకూడదు. ఆ ఏరే పని, నక్కల బాగోగులు, లెక్కలు రాయడం అన్నీ లుద్మీలా త్రూత్ అనే యువతి చేతిలో పెట్టాడు. చిన్న పాపని పెట్టుకుని అంత దూరం వచ్చి చేరిందామె. కొన్ని తరాల్లోనే మనిషిని చూసి తోక ఊపే నక్కలు పుట్టాయి. తర్వాత వేలాడే చెవులు, ఒంటి మీద తెల్ల మచ్చలు వచ్చినవీ పుట్టాయి.

1974లో లుద్మీలా ఇంకో అడుగు వేసింది. పుషింకా అనే ఆడ నక్కతో కలిసి ఫారం పక్కనే ఒక చిన్న ఇంట్లో కాపురం పెట్టింది. పుషింకా అక్కడే ఈనింది. ఈనగానే ఒక పిల్లని నోట కరుచుకుని తెచ్చి ఆమె కాళ్ళ దగ్గర పెట్టింది. పిల్లకి చలేస్తుందని లుద్మీలా దాన్ని మందలించి గూటికి పంపాల్సొచ్చింది. తర్వాత ఒక రాత్రి ఎవరో కొత్త మనిషి అటువైపు వస్తే, ఆ నక్క కుక్కలాగా మొరిగి ఆమెకి కాపలా కాసింది.

1985లో బెల్యాయెవ్ చనిపోయాక ప్రయోగం బరువంతా ఆమె మీదే పడింది. 1990లలో సోవియట్ యూనియన్ పోయి సంస్థకి డబ్బు రావడం ఆగిపోయింది. నక్కలకి తిండి లేదు. మనుషుల్ని నమ్మడం తప్ప వేరే ఏమీ తెలియకుండా పెంచిన ప్రాణులు అవి. వాటిలో చాలా పోయాయి. 1999లో ఆమె ఒక అమెరికన్ సైన్స్ పత్రికలో నలభయ్యేళ్ళ పని గురించి వ్యాసం రాసి, పరిస్థితి చెప్పుకుంది. అది చదివి ఎక్కడెక్కడి వాళ్ళో డబ్బు పంపారు, మిగిలినవి బతికాయి. మచ్చిక చేయడం గొప్ప శాస్త్రమే. ఆ నక్కల్ని బతికించింది మాత్రం మేత ఖర్చు.

ఇప్పుడు ఇంకా వెనక్కి వెళ్దాం. ఇరాన్ పశ్చిమాన జాగ్రోస్ కొండల్లో గంజ్ దరేహ్ అనే దిబ్బ ఉంది. దాదాపు 10,000 ఏళ్ళ కిందటి పల్లె. అక్కడ తవ్వితే మేకల ఎముకలు కుప్పలుగా దొరికాయి. అవి వేటాడిన మేకలా, పెంచిన మేకలా అన్నది ప్రశ్న. చాలాకాలం పండితులు ఎముక సైజు చూసేవారు. పెంపకంలో జంతువు చిన్నదైపోతుంది కాబట్టి చిన్న ఎముకలుంటే పెంపుడు మేకలని లెక్క. మెలిండా జీడర్ అనే అమెరికన్ పురావస్తు శాస్త్రవేత్త ఆ లెక్కని మళ్ళీ తిరగేసింది. ఆధునిక కాలపు అడవి మేకల ఎముకలు కొలిచి చూస్తే, సైజులో పెద్ద తేడా ఆడా మగా అన్న దగ్గరే ఉందని తేలింది. అప్పుడు ఆడవాటి ఎముకల్ని, మగవాటి ఎముకల్ని విడదీసి, ఏ వయసులో చనిపోయాయో చూసింది. మగ మేకలు చాలావరకు లేత వయసులోనే పోయాయి. ఆడ మేకలు చాలా ఏళ్ళు బతికి, పిల్లల్ని కని, పెద్దవయ్యాక పోయాయి. వేటగాడైతే పెద్ద పోతుని కొడతాడు. ఆడవాటిని వయసు మళ్ళేదాకా ఉంచుకుని మగవాటిని ముందే తీసేయడం మంద పెంచేవాళ్ళ పద్ధతి. జీడర్, బ్రయన్ హెస్ కలిసి ఈ సంగతిని 2000లో ప్రకటించారు. చిన్న ఎముకలు ఎక్కువున్నది మేకలు కుంచించుకుపోయి కాదన్నమాట, పెద్దయ్యేదాకా బతికినవి ఎక్కువగా ఆడవి కావడం వల్ల. ఆడదాన్ని విడిగా లెక్కపెట్టాలని ఎవరికైనా తోచేదాకా ఆ కుప్పలోంచి అసలు కథ బయటికి రాలేదు.

గేమ్‌లో కూడా సరిగ్గా ఇదే పద్ధతి నడుస్తుంది. కోళ్ళ మందకి ఒకటో రెండో పుంజులు చాలు. ఆవుల మందకీ అంతే. 2021లో వచ్చిన అప్‌డేట్‌లో దీనికోసం ఒక పట్టికే పెట్టారు. మగవి ఎన్ని, ఆడవి ఎన్ని, పిల్లలు ఎన్ని ఉండాలో అంకెలు వేస్తే, అంతకు మించినవాటిని కోతకి పంపేస్తుంది. మా అమ్మాయి మొదటిసారి ఆ పట్టిక నింపడానికి చాలాసేపు ఆలోచించింది. ఎందుకంటే ఇందులో కొన్ని జంతువులు మనుషుల దగ్గరికొచ్చి ముట్టెతో రాసుకుంటాయి, కొన్నిటికి పేర్లు పెడతారు, కొన్నిటికి ఒక మనిషితో గట్టి బంధం ఏర్పడుతుంది. బంధం ఉన్న జంతువు చనిపోతే ఆ మనిషి రోజుల తరబడి దిగులుగా ఉంటాడు, పని సరిగ్గా చేయడు. పేరు లేనివి కోడి 1, కోడి 2 అని ఉంటాయి. పేరున్న దాన్ని చంపడం కష్టం, అంకె ఉన్న దాన్ని చంపడం తేలిక. పండక్కి కోడిని కోయాలంటే పిల్లలు పేరు పెట్టిన కోడిని వదిలేయమని ఏడిచే ఇళ్ళు మనకేమీ కొత్త కాదు. పాలిచ్చే గేదెకి మన పల్లెల్లో పేరుంటుంది. దున్నపోతు దూడకి పేరు పెట్టేవాళ్ళు తక్కువ. అది ఎన్నాళ్ళు ఉంటుందో అందరికీ తెలుసు కాబట్టి.

ఇక గడ్డి సంగతి. ఆటలో చలికాలం వస్తే నేల మీద పచ్చిక ఉండదు. వేసవిలోనే గడ్డి పంట వేసి, కోసి, పైకప్పు కింద దాచుకోవాలి. చాలకపోతే రెండే దారులు, మనుషుల తిండిలోంచి పెట్టడం, లేకపోతే మందలో కొన్నిటిని తగ్గించడం. మందెంతైనా పెంచుకోవచ్చు, కానీ కరువు నెల మోయగలిగినంతే నిలుస్తుంది. మన దగ్గర ఆ నెల వేసవిలో వస్తుంది. గడ్డివాము చూసి ఇంటి స్తోమత చెప్పడం, ఎండలు ముదిరాక వాము ఎంత మిగిలిందో చూసి గొడ్డుని సంతకి తోలాలా వద్దా అని రాత్రంతా మాట్లాడుకోవడం మన పెద్దవాళ్ళకి తెలిసినంత బాగా ఆ ఆట తయారుచేసినవాళ్ళకి కూడా తెలిసి ఉండదు.

అదే 2021 అప్‌డేట్‌లో దొడ్లు కూడా వచ్చాయి. ఆవులు, గొర్రెలు, మేకల్లాంటివాటికి కంచె కట్టి మధ్యలో ఒక గుర్తు పాతాలి. కంచె లేకపోయినా తలుపు తీసి ఉన్నా అవి మెల్లగా తిరుగుతూ తిరుగుతూ ఎటో వెళ్ళిపోతాయి. దొడ్డి గురించి చదువుతుంటే నాకు అనుకోకుండా మన ఊళ్ళ పేర్లే ఎదురయ్యాయి. కర్ణాటక, తెలంగాణ, రాయలసీమ ప్రాంతాల్లో పాతకాలపు బూడిద దిబ్బలున్నాయి. అవి రాక్షసుల్ని కాల్చిన బూడిదని చుట్టుపక్కలవాళ్ళు కథలు చెప్పుకునేవారు. 19వ శతాబ్దంలో రాబర్ట్ బ్రూస్ ఫుట్ అనే భూగర్భ శాస్త్రవేత్త అవి కాలిన పేడ కుప్పలని అన్నాడు. 1957లో రేమండ్ ఆల్చిన్ పాత మహబూబ్‌నగర్ జిల్లాలోని ఉట్నూరులో తవ్వి చూశాడు. పొరలు పొరలుగా బూడిద, గుంజలు పాతిన గుంటల వరస, ఆ గుంజల కంచె లోపల పశువుల గిట్టల అచ్చులు బయటపడ్డాయి. నాలుగు వేల ఏళ్ళ కిందటి పశువుల దొడ్డి అది. పేడ పేరుకుంటూ ఉంటే మధ్యమధ్య కాల్చేసేవారు, దాని మీదే మళ్ళీ కంచె కట్టేవారు. అనంతపురం జిల్లా పాలవాయిలో కూడా ఇలాంటి బూడిద దిబ్బ ఉంది. అన్నట్టు, గంజ్ దరేహ్‌లో మట్టి ఇటుకల మీద కూడా గిట్టల అచ్చులున్నాయి. ఆరబెట్టిన పచ్చి ఇటుకల మీద నుంచి మేకలు నడిచిపోయాయన్నమాట. అప్పడాలు ఆరబెట్టిన చాప మీద పిల్లలు నడిచి వెళ్తే మనం పెట్టే కేక గుర్తొచ్చి నవ్వొచ్చింది.

ఆ దొడ్లో పశువుల అడుగులు మిగిలాయి. మేత వేసినవాళ్ళ అడుగులు, పేడ ఎత్తినవాళ్ళ చేతులు ఎక్కడా మిగల్లేదు. వాళ్ళు ఆడవాళ్ళా మగవాళ్ళా అని బూడిద చెప్పదు. నేనూ ఊహించి చెప్పను. నేను కళ్ళారా చూసింది మాత్రం చెప్పగలను.

మా అమ్మమ్మ తెల్లవారుజామున లేచి ముందు కొట్టంలోకి వెళ్ళేది. పేడ తీసి తట్టకెత్తి, కొంచెం కళ్ళాపికి ఉంచి, మిగతాది పిడకలకీ పెంటకుప్పకీ పంచేది. ఆటలో పశువుల మలం ఊడ్చి పారేయాల్సిన మురికి, అంతే. మా అమ్మమ్మ చేతిలో అది వాకిలి, పొయ్యి, పొలం. తర్వాత కుడితి కలిపేది, చిట్టూ తవుడూ వేసేది, అప్పుడు పాలకి కూర్చునేది. మా గేదె ఆమె చేతికి తప్ప చేపేది కాదు. మా పిన్ని పురిటికని అమ్మమ్మ పది రోజులు ఊరెళ్తే, తాతయ్య ఎంత నిమిరినా చుక్క పాలు దించలేదు. చివరికి ఆయన అమ్మమ్మ పాత చీర భుజాల నిండా కప్పుకుని కూర్చుంటే, వాసన చూసి కొంచెం కరుణించింది. ఈ కథ మా ఇంట్లో ఇప్పటికీ చెప్పుకుని నవ్వుతారు. అయితే పాల కేంద్రంలో పుస్తకం తాతయ్య పేరు మీదే ఉండేది. పదిహేను రోజులకోసారి డబ్బు ఆయనే తెచ్చేవాడు. అమ్మమ్మని ఎవరైనా ఏం చేస్తారని అడిగితే, ఇంట్లోనే ఉంటానని చెప్పేది.

అందుకే ఆ ఆటలో ఒక మనిషి పేరు పక్కన పశువుల పని, 14 అని అంకె కనిపించినప్పుడు నేను చాలాసేపు దాన్నే చూశాను. ఆ పని నేర్పని, రోజూ చేస్తే పెరుగుతుందని, ఆ మనిషి లేకపోతే మంద చెదిరిపోతుందని ఒక ఆట గుర్తించింది. మా రెండు మార్కుల వాక్యంలో మానవుడు అన్న ఒక్క మాట వెనక ఇలాంటివాళ్ళు తరతరాలుగా ఉన్నారు. ఒక శుభదినాన ఎవరో వీరుడు వెళ్ళి మేకని పట్టుకొస్తే అది పెంపుడు మేక కాలేదు. పట్టుకొచ్చినదానికి మర్నాడు గడ్డి వేసినవాళ్ళు, దాని మర్నాడూ వేసినవాళ్ళు, పిల్ల అడ్డం తిరిగితే రాత్రంతా కూర్చున్నవాళ్ళు దాన్ని ఇంటి మేకని చేశారు.

దీనికి ఇంకో వైపు కూడా ఉంది, అది బరువైనది. మచ్చికైన జంతువు తన అడవిని వదులుకుని మన చేతిని నమ్ముకుంటుంది. ఆ నక్కల తిండి ఆగిపోయినప్పుడు జరిగింది అదే. మా చిన్నవాడు ఏడాదిగా కుక్కపిల్ల కావాలంటున్నాడు. మావారు సరేనన్నారు. నేను వాడికి ఆ గేమ్‌లోనే సమాధానం చూపించాను. ఎవరి పేరు పక్కన ఆ పని రాయాలో ముందు తేల్చమన్నాను. మొదటి రోజు ఎవరైనా పాలు పోస్తారు. నలభయ్యో రోజు, వాన పడుతున్నప్పుడు, మర్నాడు పరీక్ష ఉన్నప్పుడు ఎవరు బయటికి తీసుకెళ్తారో కాగితం మీద రాయాలి, ఆ పేరు నాది అయితే కుదరదు. వాడు ఇంకా ఆలోచిస్తున్నాడు. ఆలోచించడమే మంచిది. ప్రాణాన్ని తెచ్చుకునే విషయంలో తొందరపడి ఒప్పుకోవడం కన్నా ఆలస్యంగా ఒప్పుకోవడం ఆ ప్రాణానికే మేలు.

మీ ఇళ్ళల్లో పెద్దవాళ్ళుంటే ఈ వేసవి సెలవుల్లో పిల్లల్ని వాళ్ళ దగ్గర కూర్చోబెట్టండి. మన ఇంట్లో ఎన్ని గొడ్లుండేవని అడిగితే తాతయ్యలు చక్కగా లెక్క చెప్తారు. దాంతో ఆగొద్దు. వాటి పేర్లేంటి, ఏది ఎవరి చేతికి చేపేది, పొద్దున్నే కొట్టంలోకి ముందు ఎవరు వెళ్ళేవాళ్ళు అని అడగమనండి. చెప్పిన పేర్లు ఎక్కడైనా రాసి పెట్టుకోమనండి.